మేకు కొట్టనివ్వని గోడ

అద్దె ఇళ్ళలో పెరిగినవాళ్ళలో "గోడకు మేకు కొట్టొద్దు" అన్న మాట విననివాళ్ళు ఉండరు. ఈ కథలోని ఇంటాయన ఆ మాట ఎన్నిసార్లు అన్నాడంటే, వీధంతా ఆయన్ని మేకుల బాబాయి అనే పిలిచేది. మనిషి చెడ్డవాడు కాడు. ఆ ఇంటిని కంటికి రెప్పలా చూసుకునేవాడు, అంతే.

ఆ ఇంటి ముందుగదిలో బూట్ల మేస్త్రీ, ఆయన భార్య అద్దెకుండేవారు. మేస్త్రీకున్న ఆస్తల్లా పాదం ఆకారంలో చెక్కిన కొయ్య అచ్చులే. ఒక్కో మనిషి కాలు కొలిచి ఆయన తండ్రి చెక్కినవి. వాటి మీద తోలు బిగిస్తేనే జోడు తయారయ్యేది. పాత ఇంట్లో అవన్నీ గోడకు వేలాడుతూ ఉండేవి. చిన్నప్పుడు నిద్ర లేవగానే ఊరంతా తన గదిలోకి నడిచొచ్చినట్టు ఉండేదని మేస్త్రీ తలుచుకుని మురిసిపోయేవాడు. ఇక్కడ మేకు కూడదు కాబట్టి గోనెసంచుల్లో వేసి గోడవార పెట్టుకున్నాడు.

ఓ రోజు గోడ మీద సన్నటి మట్టి గీత కనిపించింది.

"బాబాయిగారూ, చెదలు పట్టాయి. గోడ కాస్త తవ్వి మందు కొట్టించమంటారా?"

"నా గోడ ముట్టుకోకు. నేను చూస్తాలే."

మేస్త్రీ ఆ మాట నమ్మాడు. ఆ చూడటం రేపూ మాపూ అంటూ వానాకాలం దాటింది. వానల్లో తోలు జోళ్ళు అడిగేవాళ్ళు లేక మేస్త్రీ సంచులు విప్పనే లేదు.

బాబాయికి పెద్దక్క అంటే ప్రాణం. పుట్టుకతోనే ఆవిడ ఎడమ పాదం వంకర. కొత్త జోడు కోసం ఆవిడ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చిన రోజున మేస్త్రీ సంచి విప్పాడు. చేతికి కొయ్య తగల్లేదు, పొడి తగిలింది. అన్ని సంచులూ అంతే. ఆయన ఆ పొడిని నేల మీద కుమ్మరించాడు.

"ఇల్లు నాది, సామాను నీది. ఎవరిది వాళ్ళు చూసుకోవాలి కదా మేస్త్రీ," అని గొణిగాడు బాబాయి.

మేస్త్రీ భార్య ఊరుకోలేదు. "సామాను మాదే బాబాయిగారూ. చెదలు మాత్రం మీ గోడవి. మేమేమో అద్దె కట్టి ఉంటున్నాం, అవి ఊరికే కాపురం పెట్టాయి!"

పెద్దక్క ఆ పొడిని దోసిట్లోకి తీసుకుంది. "చిన్నప్పుడు వీళ్ళ నాన్న నా పాదం ఒళ్ళో పెట్టుకుని కొలిచాడురా. కాలు పెరిగినకొద్దీ కొత్త అచ్చు చెక్కాడు. ఆయన కుట్టిన మొదటి జోడు వేసుకుని నేను పరుగెత్తాను, గుర్తుందా?"

బాబాయికి గుర్తుంది. ఆ రోజు సంతోషంతో కేకలు పెడుతూ ఆవిడ వెనక పరుగెత్తింది ఆయనే.

"మేకు కొట్టొద్దన్నావు, నేల మీద పెట్టుకున్నాడు. ముట్టుకోవద్దన్నావు, ముట్టుకోలేదు. చూస్తానన్నావు, నమ్మాడు. ఇందులో మేస్త్రీ తప్పేముందో చెప్పు," అంది పెద్దక్క.

బాబాయి మర్నాడే గోడ తవ్వించి మందు కొట్టించాడు. కొయ్య కొని, వడ్రంగిని పిలిపించి, అచ్చులన్నీ తన ఖర్చుతోనే మళ్ళీ చెక్కించాడు. సుత్తి తెచ్చి మొదటి మేకు తన చేత్తోనే కొట్టాడు. మేస్త్రీ దానికి పెద్దక్క పాదం అచ్చు తగిలించి, కాసేపు దాన్ని వేలితో తడుముతూ నిలబడ్డాడు. తండ్రి ఉలి గాట్ల కోసం వెతుకుతున్నాడని బాబాయికి అర్థమై కళ్ళు చెమర్చాయి.

ఇళ్ళున్న పెద్దలారా! గోడ మీదైతే ఆ గోడ చేసిన నష్టమూ మీదే. అద్దెకున్నవాళ్ళు చెప్పిన రోజునే చెవిన పెట్టండి. ఆ తర్వాత ఎంత ఇచ్చుకున్నా, ఆ ఉలి గాట్లు తెచ్చి ఇవ్వలేరు.