ఆరు సందుల బందోబస్తు

బుగ్గమ్మ కడవను కాంట్రాక్టరు మేస్త్రీ కాలితో తన్నినప్పుడు బీరన్న పది అడుగుల దూరంలోనే ఉన్నాడు. కావలి కర్ర పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. ఆమె అతని పెళ్లాం. ఆమె వచ్చే దారిని వాళ్లకు చూపించిందీ అతనే.

తాండూరు నుంచి యాలాల్ పోయే దారిలో మునిసిపాలిటీకి కొత్త ఆవరణ కడుతున్నారు. ఆఫీసు, ఎడ్లబండ్ల కొట్టం, వీధిదీపాల గాసునూనె గోదాం. మధ్యలో పాత బావి. ఆ ఎండాకాలం కురుమవాడకూ, నాపరాయి గనుల కూలీలకూ అదొక్కటే దిక్కు. గోడ కట్టే పనీ, కావలి పనీ కాంట్రాక్టరు పాండురంగానికి దక్కాయి. నిజాం పోయాడు, ఓట్లు వచ్చాయి, పటేలు కొడుకు కాంట్రాక్టరయ్యాడు. పెత్తనం మాత్రం ఆ గడప దాటలేదు.

ఎనిమిది రోజుల కింద పాండురంగం నక్షా పట్టుకుని బీరన్నను పిలిచాడు.

"మంద కాసేటోనివి. ఏడికెల్లి ఎవలు జొరబడ్తరో నీకంటె ఎవలికెరుక? జర చూపియ్యి."

పెద్దమనిషి సలహా అడిగాడని బీరన్న పొంగిపోయాడు, పిచ్చి మారాజు. రోజంతా తిరిగి ఆరు సందులు చూపించాడు. ఇక్కడ మేకలు దూకుతాయన్నాడు, ఇక్కడ ఆడవాళ్లు వస్తారన్నాడు. కాంట్రాక్టరు సందుకొక మనిషిని కావలి పెట్టాడు. ఆరుగురూ వాడవాళ్లూ గనివాళ్లే, చవకగా దొరికారు. బీరన్నా వాళ్లలో ఒకడు. గోదాం భద్రత పేరు చెప్పి జనాన్ని బావి దగ్గరికి రానివ్వలేదు. నీళ్లు మాత్రం పాండురంగం బండల కార్ఖానాకు బండ్ల మీద పోతూనే ఉన్నాయి.

మేస్త్రీ కడవను తన్నిన ఆ మధ్యాహ్నం వాడంతా గొర్రెలదొడ్డి ముందు కూడింది.

"గోడ కూలగొడదాం," అన్నాడు గనికూలి జంగప్ప.

"కొలువు పోతే నా పిల్లలకేం బెట్టాలె?" కావలి నర్సప్ప అడిగాడు.

"నీళ్లు లేకుంట ఏం వండి పెడ్తవ్?" అంది బుగ్గమ్మ. మొగుడి వైపు తిరిగింది. "సందులు నువ్వే చూపిస్తివి. ఏం జేద్దమో నువ్వే చెప్పు."

బీరన్న సిగ్గుతో చచ్చిపోయాడు. లేచి దొడ్డి కంచె మీద చెయ్యి వేశాడు.

"తోడేలు బయట ఉంటదని కంచె ఏస్తం. గీడ తోడేలు లోపట్నే ఉన్నది. కావలి ఇడిసిపెట్టొద్దు. గా సందులల్లనే నిలబడుదం. మొకం లోపటికి తిప్పుదం. మనోళ్లను పోనిద్దం, వాని బండ్లను ఆపుదం."

"సందుకు ఇరవై మంది మావోళ్లొస్తరు," అన్నాడు జంగప్ప.

తెల్లవారి ఆరు సందుల్లోనూ జనం నిలిచారు. ఆడవాళ్లు దర్జాగా లోపలికి పోయి నీళ్లు తోడుకున్నారు. నీళ్ల బండ్లు మాత్రం గోడ లోపలే ఆగిపోయాయి. పాండురంగం ఊగిపోతూ వచ్చాడు.

"నా ఉప్పు తిని నా బండ్లనే ఆపుతర్రా?"

"బావి ఊరిది, దొరా," అన్నాడు నర్సప్ప. నిన్నటి భయం ఆ గొంతులో లేదు. "కావలి మంచిగనే కాస్తున్నం."

పోలీసు జీపు వచ్చింది. ఎవడి ఉపాయమని జమేదారు గద్దించాడు. పాండురంగం బీరన్న వైపు వేలు చూపించాడు. పోలీసులు ఆ సందులోని జనాన్ని లాఠీలతో చెదరగొట్టి, బీరన్నకు నాలుగు దెబ్బలు వేసి, చేతులు కట్టి జీపులో పడేశారు. వికారాబాదుకు తీసుకుపోతామన్నారు.

జీపు కదిలింది. బీరన్న మెడ తిప్పి చూశాడు. అతను ఖాళీ చేసిన సందులోకి నీళ్ల బండి ఉరుకుతోంది. బుగ్గమ్మ నెత్తి మీది కడవ దించి, ఎదురు పోయి ఎద్దు ముకుతాడు పట్టుకుంది.

"బండి మల్పు," అంది.

బండివాడు చెర్నాకోల ఎత్తాడు. ఆమె వెనక వాడ ఆడవాళ్లంతా వచ్చి సందు నిండా నిలిచారు. ఎద్దులు వెనక్కి తిరిగాయి.