రుచి చూసే వంతు

"ఊరికే పెట్టే తిండికి వంకలెందుకు? బాగుందని రాసి, సంతకం పెట్టేసి రా" అన్నాడు మా ఆయన, నేను ఇస్త్రీ చేసిచ్చిన చొక్కా తొడుక్కుంటూ.

పాప చదివే బడిలో మధ్యాహ్నం పిల్లలకు ప్రభుత్వం భోజనం పెడుతుంది. రోజుకొక తల్లి ముందుగా తిని చూసి, ఎలా ఉందో పుస్తకంలో రాయాలి. ఇవాళ నా వంతు. ఏడో తరగతిలో నా చదువు ఆపేశాక నేను రాసినవన్నీ సరుకుల చీటీలే. "కూరలో ఉప్పెంతో తెలీదు గానీ, బడంతటికీ రుచి చూసొస్తుందట!" అని అత్తయ్య నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. కానీ మూడు రోజులుగా పాప బడి నుంచి కడుపు పట్టుకుని వస్తోంది. ఆ దిగులు నవ్వితే పోయేది కాదు.

బడి వంటగదిలో వంటావిడ గరిటె తీయగానే అలవాటుకొద్దీ అరచెయ్యి చాపాను.

"చుక్క నాకి పోవడానికి ఇది మీ ఇల్లు కాదు తల్లీ! కూర్చో. ప్లేటు నిండా తినాలి, రూలు" అంటూ కుర్చీ లాగింది.

పెళ్లయ్యాక కూర్చుని, వేడివేడిగా, అందరికంటే ముందు తినడం అదే మొదలు. ఎవరైనా పిలుస్తారేమోనని రెండుసార్లు వెనక్కి చూశాను. ఎవరూ పిలవలేదు. కూర ఘుమఘుమలాడుతోంది. చిక్కుడు గింజ మాత్రం పంటికింద టక్కుమంది. ఇంకోటి కొరికాను. అదీ అంతే.

పుస్తకం తెరిస్తే పేజీల నిండా 'బాగుంది', 'బాగుంది'. పెన్ను తీశాను. ఇంతమంది చదువుకున్న తల్లులకు బాగున్నది నాకే బాగాలేదా? పాప కడుపు గుర్తొచ్చింది. 'గింజలు ఉడకలేదు. ఇంకో అరగంట ఉంచాలి' అని రాశాను.

వంటావిడ తొంగిచూసింది. తిడుతుందనుకున్నాను.

"హమ్మయ్య! ఒక పొయ్యి పాడై మూడు రోజులైంది. గంట కొట్టే వేళకి ఎలా ఉంటే అలా దించేస్తున్నా. నేను చెబితే ఎవరాగుతారు? నువ్వు రాశావుగా, ఇక ఆగాల్సిందే!" అని హుషారుగా గిన్నె మళ్లీ పొయ్యెక్కించింది.

పెద్ద టీచరు చదివి, భోజనం బెల్లు అరగంట ఆలస్యంగా కొట్టమన్నారు. రెండు వందల మంది ఆకలి కేకలు. కిటికీ దగ్గర మా పాప, "మా అమ్మే ఆపింది!" అని పక్కపిల్లతో గొప్పలు.

"రేపటి తల్లికి వీలుపడదట. ఎవర్ని పిలవాలో ఏమో" అన్నారు పెద్ద టీచరు.

'ఇంట్లో అడిగి చెబుతానండి' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"నేనొస్తాను" అన్నాను. "ఎల్లుండికి కూడా నన్నే రాసుకోండి."