కొసరు చుక్క

పురానాపూల్ దగ్గరి పాల గల్లీలో కొమురమ్మ పాలు పోస్తే గిన్నెలో రెండు చప్పుళ్లు వినపడతాయి. ఒకటి కొలత పాలది, రెండోది కొసరుది. యాభై ఏళ్లలో ఆమె కొసరు లేకుండా ఎవరికీ పాలు పోయలేదు. తనతో జగడమాడినవాళ్లకూ పోసింది, కాకపోతే తిట్టుకుంటూ పోసింది. కొసరు పోయని చేతిలో బరకత్ ఉండదని, ఎంత సంపాదించినా నిలవదని ఆమె నమ్మకం.

మనవరాలు లావణ్యకు పోలీస్ కొలువు కావాలి. పరుగులో నెగ్గింది, రాత పరీక్షలోనూ నెగ్గింది. ఇక అద్దాలు లేకుండా గోడ మీది అక్షరాలు చదవడం ఒక్కటే మిగిలింది. ఆ ఒక్కదానికోసమే మూడేళ్ల కిందట కొమురమ్మ తన ముద్దుల బర్రె మోతీని అమ్మి పిల్లకు లేజర్ చేయించింది. తీరా పరీక్ష నెల రోజులుందనగా సైటు మళ్లీ వచ్చింది. లావణ్య రెండు రోజులు దాచింది. మూడో రోజు ఎదురింటి గేటు ముందు నిలబడ్డ బర్రెను సీతారావమ్మ ఆంటీ అనుకుని నమస్తే పెట్టింది. ఇక దాచడానికేమీ మిగల్లేదు.

కంటి డాక్టర్ సాయిప్రియ ఓపికగా చెప్పింది. "లేజర్‌తో కంటి ముందు పొర పలచబడింది కదా, లోపలి ప్రెషర్‌కి అది కాస్త ముందుకు తోసుకొస్తోంది. మళ్లీ లేజర్ చేద్దామంటే పొర చాలదు. ప్రెషర్ తగ్గించే చుక్కలు రాస్తాను. అసలు నీటికాసులున్నవాళ్లకి ఇచ్చే మందు ఇది. పొద్దున ఒక్క చుక్క, సాయంత్రం ఒక్క చుక్క. వేశాక కంటి మూల వేలితో అయిదు నిమిషాలు నొక్కిపట్టాలి."

"సైటు పోతదా మేడం?"

"కొందరికి తగ్గుతుంది. చూద్దాం."

సీసా దగ్గరికి రాగానే లావణ్య రెప్పలు వాటంతటవే మూసుకుపోయేవి. పాలు పోసిన చేతికి ఇదొక పనా అని కొమురమ్మే సీసా అందుకుంది. మనవరాలి తల ఒళ్లో పెట్టుకుని ఒక చుక్క వేసింది. వెంటనే ఇంకోటి వేసింది.

"ఒక్కటే అన్నరు అవ్వా."

"ఆ ఒక్కటి ఏసిన. గిది కొసరు."

వారానికల్లా వంతెన మీది బస్సుల నంబర్లు తేటపడ్డాయి. ఇంకో నాలుగు రోజులకు లావణ్యకు కొసరు చూపు కూడా వచ్చింది. అంటే, మామూలు చూపు ఎక్కడ ఆగుతుందో దానికి ఒక మలుపు అవతలిది కూడా కనిపించేది. గల్లీలో ఎవరూ వింతపడలేదు. కొసరు చుక్క పడ్డ కంటికి కొసరు చూపు రాక ఇంకేమొస్తుంది.

"లావణ్యా, మా ఆయన ఎంతవరకు వచ్చారో కాస్త చూసిపెట్టమ్మా," అని అడిగేది సీతారావమ్మ. చింతపండుకని బేగంబజార్ వెళ్లిన కృష్ణప్రసాద్ గారు ఓ పట్టాన ఇల్లు చేరరు.

"మిఠాయి దుకాణం ముంగట నిలవడ్డరు ఆంటీ. చేతిల జిలేబీ ఉన్నది."

"షుగరు మూడొందలుంది ఆయనకి," అనేది సీతారావమ్మ నిట్టూర్చి. పాపం, ఆ పెద్దమనిషికి జిలేబీ తినడానికి ఊళ్లో చోటు లేకుండా పోయింది.

అటు కొమురమ్మ మాత్రం ఈ మధ్య దర్వాజకు భుజం తగిలించుకుంటోంది, పక్కనున్న బకెట్‌ను తన్నేస్తోంది. అప్పుడప్పుడు కొసరు పాలు గిన్నె పక్కన పడుతున్నాయి. వయసు మీద పడిందని అందరూ అనుకున్నారు. కొమురమ్మ మాత్రం బకెట్ అక్కడ పెట్టినవాళ్లను తిట్టింది.

రెండోసారి చూపించుకోవడానికి వెళ్తే సైటు సగానికి పైగా తగ్గిందంది డాక్టర్. తర్వాత నాడి పట్టుకుని, ఖాళీ సీసా చూసి ముఖం చిట్లించింది. "నెల రావాల్సిన సీసా అప్పుడే ఎలా అయిపోయింది?"

లావణ్య కొసరు సంగతి చెప్పింది.

"కంట్లో ఒక్క చుక్కే నిలుస్తుంది. రెండోది గొంతులోకి దిగి గుండెను నెమ్మది చేస్తుంది. ఇలాగే వేస్తే పరీక్షనాడు కళ్లు తిరిగి పడిపోతావు. కొత్త సీసా రాస్తున్నాను, కొసరు మానెయ్యండి."

ఆ మాట చెబితే కొమురమ్మ చిన్నబుచ్చుకుంది. "కొసరు లేకుంటే మందెట్ల పట్టుతది?" అని చాలాసేపు గొణిగింది. ముసలిదాని ముఖం చూసి లావణ్యకు జాలేసింది.

"సరే, ఇయ్యాలొక్కటే. గిదే ఆఖరు," అని తల ఒళ్లో పెట్టింది.

చుక్క పడింది. కొసరు పడింది. లావణ్య కళ్లు తెరిచేసరికి ఎదురుగా, జానెడు దూరంలో, అవ్వ కళ్లున్నాయి. కొసరు చూపు తన అలవాటు మానుకోలేదు, ఆ కళ్లకు ఒక మలుపు అవతలికి వెళ్లింది. లోపల అటూ ఇటూ చీకటిగా ఉంది. నడుమ పాల డబ్బా మూతంత వెలుగు. ఆ వెలుగులో లావణ్య ముఖం ఒక్కటే ఉంది.

లావణ్య లేచి కూర్చుంది. "అవ్వా, నీకు పక్కలకు కనవడ్తలేదా?"

"నాకెందుకు బిడ్డా పక్కలు. నువ్వు కనవడ్తున్నవ్ గద."

మర్నాడు బర్రెలున్నాయన్నా, గిరాకీ ఉందన్నా వినకుండా లావణ్య అవ్వను ఆటో ఎక్కించింది. సాయిప్రియ అవ్వ రెండు కళ్లూ పరీక్ష చేసింది.

"నీటికాసులు. నొప్పి లేకుండా అంచుల నుంచి చూపు తినేస్తూ వస్తుంది. పోయింది తిరిగి రాదు కానీ ఉన్నది నిలబెట్టుకోవచ్చు. ఇంకో ఏడాది ఆగి వస్తే నేను చెయ్యగలిగింది ఉండేది కాదు. ఇంతకీ ఎవరు కనిపెట్టారు?"

"నేనే చూసిన మేడం."

డాక్టర్ తలూపి చీటీ రాసింది. అదే మందు, అదే సీసా.

కొసరు ఆగిపోయింది కాబట్టి కొసరు చూపూ పోయింది. అందరికంటే ఎక్కువ సంతోషించింది కృష్ణప్రసాద్ గారు. పరీక్షనాడు లావణ్య ఆఖరి వరసదాకా అక్షరాలన్నీ మామూలు చూపుతోనే చదివేసింది.

కొలువు కాగితం వచ్చిన సాయంత్రం లావణ్య అవ్వ తలను తన ఒళ్లో పెట్టుకుంది. ఒక్కో కంట్లో ఒక్కో చుక్క వేసి సీసాకు మూత పెట్టేసింది.

"గంతేనా?" అంది కొమురమ్మ కళ్లు మూసుకునే. "కొసరేది?"

యాభై ఏళ్లు అందరికీ కొసరు పోసిన మనిషి, తనకోసం అడగడం ఇదే మొదలు.

"మందుకు కొసరుండదు అవ్వా."

"అయితే బరకత్ ఉండది పో."

లావణ్య నవ్వి, అవ్వ కంటి మూలల్లో వేళ్లు ఆనించి నొక్కిపట్టింది. డాక్టర్ చెప్పిన అయిదు నిమిషాలూ అయిపోయాయి. ఆమె వేళ్లు తియ్యలేదు. అవ్వ తల ఒళ్లోనే ఉంచుకుని ఇంకాసేపు అలాగే కూర్చుంది.