పేర్లు పిలిచే మనిషి

"మెరెసీని తుకానా! మెరెసీని తుకానా!"

మూడోసారి వాసితి గొంతు తగ్గించింది. ఆ ముసలామె ఎదురుగానే, బెంచీ చివర, తడిసిన గొడుగు ఒళ్లో పెట్టుకుని బిగుసుకుపోయి ఉంది. వాసితి చెయ్యి పట్టి లేపి తలుపుదాకా నడిపించింది. అక్కడితో ఆమె పని సరి. ఫిజీ దీవుల్లోని సువా పట్నంలో ఒక చిన్న కోర్టు వరండాలో పేర్లు పిలవడం, తలుపు తీయడం, వేయడం. ఇరవై ఏళ్లుగా అదే. భారీ మనిషి. నల్లకోటు భుజాల దగ్గర వెలిసిపోయింది. నిలబడీ నిలబడీ చీలమండలు వాచాయి.

కాసేపటికి ముసలామె బయటికొచ్చింది. "జరిమానా అంట తల్లీ. ఎందుకు?"

"లైసెన్సు లేకుండా రోడ్డుపక్కన పీతలమ్మానని ఒప్పుకున్నావు కదమ్మా."

"ఎక్కడమ్మాను? బస్సు కోసం బుట్ట దింపుకుని కూచున్నాను! వాళ్లేదో అడిగారు, తలూపాను."

వాసితి నోరు తెరిచేలోగా లోపల్నించి హెడ్‌క్లర్కు దీప్ నారాయణ్ కేక: "వాసితీ! నీ పని పిలవడం వరకే. సలహాలు చెప్పకు." ముసలామె గొడుగు విప్పుకుని మార్కెట్టు వైపు వెళ్లిపోయింది.

భోజన విరామంలో వాసితి వానలోనే బస్సెక్కి లా కాలేజీకి వెళ్లింది. తనలాగే సీటు కోసం ఇంటర్వ్యూకి వచ్చిన పిల్లల్లో ఒకడు, "ఆంటీ, బాత్రూం ఎటు?" అని అడిగాడు. ఆమె చూపించింది.

లోపల ఇంటర్వ్యూ చేస్తున్న ప్రొఫెసర్ సలోటె కళ్లజోడు తీసింది. "పట్టా వచ్చేసరికి మీకు యాభై దాటుతుంది. కుర్రవాళ్లకే ఆఫీసుల్లో చోటు లేదు. మిమ్మల్నెవరు తీసుకుంటారు?"

"తెలుసు మేడమ్. పట్టాలున్నవాళ్లు మా వరండాలోనే ఖాళీగా తిరుగుతుంటారు. నన్నెవరూ తీసుకోనక్కర్లేదు. బెంచీ మీద లాయరు లేనివాళ్లుంటారు. వాళ్ల పక్కన నిలబడతా."

"వాళ్లేమివ్వగలరు?"

"పీతలిస్తారు మేడమ్. మంచివి."

ప్రొఫెసర్ పకపకా నవ్వింది. నవ్వు ఆగాక నెమ్మదిగా అంది: "సీటిస్తాం. కానీ పగటి తరగతులు. ఉద్యోగం మానాలి. మానగలరా?"

వాసితికి అద్దె ఇల్లు, తనతోపాటే ఉంటున్న చెల్లెలు గుర్తొచ్చారు. చివరికి, "మానతాను" అంది.

కోర్టుకు తిరిగొచ్చి చెబితే దీప్ నారాయణ్ నమ్మలేదు. "పింఛను కళ్లముందుంటే ఇదేం పిచ్చి?"

"ఇన్నేళ్లూ అందర్నీ లోపలికి పంపి బయటే నిలబడ్డాను అన్నా. ఇంక చాలు."

అతను తన టీ కప్పు ఆమె వైపు జరిపాడు. "సెలవులు చాలా మిగిలున్నాయి నీకు. రేపట్నించే వాడుకో. ముందు ఈ టీ తాగు."

సాయంత్రం ఆఖరి పేరు పిలిచి, బెంచీ తుడిచి, ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగింది వాసితి. ఇంటి బస్సెక్కలేదు. తిన్నగా మార్కెట్టుకు నడిచి, పీతల బుట్టల మధ్య మెరెసీనిని వెతికి పట్టుకుని పక్కనే చతికిలబడింది. "అమ్మా, పై కోర్టుకు వెళ్లొచ్చు. ఇంకా గడువుంది. రేపు ఉచిత లాయర్ల ఆఫీసుకు నేను తీసుకెళ్తా."

కోర్టు వరండాలో దీపాలార్పారు. తలుపు పక్కన మేకుకు నల్లకోటు వేలాడుతోంది. దాని జేబులో, గొంతు పట్టేసినప్పుడు నమిలే అల్లం ముక్క, సగం కొరికినది.