పురిటి నిద్ర

"మూడు నెలలు సెలవు పెట్టెయ్" అన్నాడు భర్త, భోజనం ముగించి చెయ్యి కడుక్కుంటూ.

ఉప్పు డబ్బా ఇటివ్వమన్నంత తేలిగ్గా అన్నాడు. చెల్లెలికి ఎనిమిదో నెల. పక్క వీధిలోనే కాపురం. తొలికాన్పు కాబట్టి దగ్గరుండి చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. అమ్మ వల్ల కాదు, అమ్మ సంగతి తెలిసిందేగా. ఇక ఇంట్లో మిగిలిందెవరు? ఆమె ఎంగిలి కంచాలు తీసింది. పుట్టుకతో వచ్చే జీవరసాయన లోపాల గురించి చదవడానికే ఆమె వయసులో సగం పోయింది. తిన్న తిండి ఒంట్లో ఎక్కడ విరుగుతుందో, ఎక్కడ విరగక విషమవుతుందో, నాలుగు చుక్కల రక్తంలో వెతికి పట్టుకోవడం ఆమె పని. ఆసుపత్రిలో ఆ పరీక్షలు చేసే ల్యాబుకి పెద్దగా ఉండమని పోయిన వారమే అడిగారు. ఇంట్లో చెబితే మామగారు "పసిపిల్లల రక్తాలూ ఉచ్చలూ చూడ్డానికి పెద్దరికం కూడానా, ల్యాబమ్మా?" అన్నారు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. తల్చుకుంటే ఇప్పటికీ ఆమెకు ఒళ్ళు మండేది ఆ చివరి నవ్వుకే.

అత్తగారి కంచంలో అన్నం కింద మాంసం ముక్కలు దాక్కుని ఉన్నాయి. ప్రతి ఆదివారమూ ఇదే తంతు. మామగారు వద్దన్నా వడ్డిస్తారు, "మహారాణిగారి నాలుకకి మన వంట ఆనదు" అని దెప్పుతారు. ఆవిడ తిన్నట్టు నటిస్తుంది. కోడలు ఆ ముక్కల్ని ఎవరి కంటా పడకుండా చెత్తబుట్టలో వేస్తుంది. అత్తాకోడళ్ళిద్దరికీ ఉన్న ఒకే ఒక్క గుట్టు అది. గుడ్డు తింటే తలనొప్పి, పాలు తాగితే వాంతి. అవన్నీ వగలని మామగారి తీర్మానం. నిజం చెప్పాలంటే కోడలిదీ లోపల్లోపల అదే అభిప్రాయం, కాకపోతే పైకి అనదు.

'అమ్మ సంగతి' అంటే ఆ ఇంట్లో ఇంకొకటి కూడా. భర్తకీ ఆడపడుచుకీ నడుమ ఇద్దరు మగపిల్లలు పుట్టారు. నాలుగు రోజులైనా నిండకుండా పోయారు. రెండోవాడు పోయిన పూట అత్తగారు నిద్రపోతోందట. బిడ్డ పాలు తాగడం మానేసి మూలుగుతున్నా మెలకువ రానంత నిద్ర. పస్తుపెట్టి చంపుకుందని ఆవిడ అత్తగారు అన్న మాట, ఆ పెద్దావిడ పోయాక కూడా ఇంట్లో మిగిలిపోయింది. కోపమొస్తే మామగారు ఇప్పటికీ తీస్తారు. అత్తగారు ఎదురు చెప్పదు. పగలు ఒళ్ళు వాల్చదు. నలుగురికంటే ముందే లేచి, ఊరికే అయినా వంటింట్లో నిలబడి ఉంటుంది.

మర్నాడు ఆసుపత్రిలో ఒక బాలింత ఆమె ఎదుట కూర్చుంది. బిడ్డ లోపల గాజుపెట్టెలో ఉన్నాడు, రక్తంలో అమ్మోనియా పెరిగి మత్తులో పడిపోయాడు. ఇలాంటప్పుడు తల్లిని తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అలవాటైపోయిన గొంతుతో అడిగింది: "చిన్నప్పటినుంచీ మీకు పడని తిండి ఏమైనా ఉందా అమ్మా?"

ఆ పిల్ల తిట్లు తినబోతున్నట్టు తల దించుకుంది. "మాంసం, గుడ్డు, పాలు మేడం. తింటే తల దిమ్మెక్కిపోతుంది. మా ఇంట్లో వగలంటారు."

ఆమె చేతిలో కలం ఆగిపోయింది. ఎంతమంది తల్లుల్ని అడిగిందో ఈ ప్రశ్న! ఇంట్లో ఏళ్ళ తరబడి అదే జవాబుని కంచంలోంచి ఊడ్చి చెత్తబుట్టలో పోస్తూ వచ్చింది. ఇంటి గుమ్మం దాటి లోపలికి వస్తే తనకి చేతులే తప్ప బుర్ర ఉండదని వాళ్ళనుకున్నారు సరే, తనెప్పటినుంచి నమ్మడం మొదలుపెట్టింది? సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి.

మాంసం, పాలలాంటివి విరిగాక మిగిలే అమ్మోనియాని ఒళ్ళు బయటికి పంపలేని ఈ లోపం తల్లి దగ్గర్నుంచి వస్తుంది. ఆడవాళ్ళకి ఆ జన్యువు రెండు ప్రతులు ఉంటాయి కాబట్టి, ఒకటి చెడినా రెండోదానితో ఎలాగో నెట్టుకొస్తారు, పడని తిండిని తమంతట తామే పక్కన పెడతారు. మగబిడ్డకి ఉన్నది ఒక్కటే. చెడిన ప్రతి వచ్చిందంటే నాలుగు రోజుల్లో పోతాడు. ముందే తెలిస్తే పాలు ఆపి, మందులు ఎక్కించి కాపాడొచ్చు. భర్తకి మంచి ప్రతే వచ్చింది కాబట్టి బతికాడు. ఆడపడుచుకి తల్లినుంచి ఏ ప్రతి వచ్చిందో ఎవరికీ తెలియదు. కడుపులో ఉన్నది ఆడో మగో తెలియదు.

భర్తకి చెప్పింది. "కడుపుతో ఉన్న పిల్ల చెవిన ఇలాంటివి వేస్తావా? నీ ల్యాబుని ల్యాబులోనే వదిలి రా" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "అమ్మ నుంచే వచ్చిందని తేలితే నాన్న ఊరుకుంటాడా?"

ఆమె భయమూ అదే. చెబితే, ఇన్నేళ్ళుగా ఆవిణ్ణి పొడిచిన మాటకి తనే ముద్ర కొట్టి ఇచ్చినట్టు. చెప్పకపోతే ఇంకో బిడ్డ. రెండు రోజులు ఆ ఆలోచన అన్నం సహించనివ్వలేదు. మూడో రోజు ఉదయం పెరట్లో అత్తగారు బట్టలు ఆరేస్తుంటే వెళ్ళి తడి దుప్పటి రెండో కొస పట్టుకుంది. ముందు ఆవిడకే చెప్పాలి. అది ఆవిడ ఒంటి సంగతి, ఆవిడ పిల్లల సంగతి. మగవాళ్ళ చేత వినిపించకూడదు.

చెప్పింది. తన క్లినిక్‌లో ఏ తల్లికి చెప్పినా ఇంత మెల్లగా చెప్పలేదు.

"అయితే నా దగ్గర్నుంచే వచ్చిందంటావు" అంది అత్తగారు.

"మీ దగ్గర్నుంచే, అత్తయ్యా. మీకు మీ అమ్మ దగ్గర్నుంచి వచ్చి ఉంటుంది. ఎవరూ కావాలని ఇచ్చింది కాదు."

"మరి నేను నిద్రపోయాను కదే. పాలివ్వలేదు."

"మీరు మేలుకుని పాలిచ్చినా ఆ పాలు వాడికి అరిగేవి కావు. ఇంకో సంగతి. ఇలాంటి తల్లులకి పురుడయ్యాక వాళ్ళ రక్తంలోనూ అమ్మోనియా పెరగొచ్చు. లేవలేనంత మత్తు వస్తుంది. మీది ఒళ్ళుమరిచిన నిద్ర కాదేమో. ఆ పూట మీకూ వైద్యం కావాల్సి ఉండొచ్చు."

అత్తగారు దుప్పటి వదల్లేదు. దాని వెనక నుంచి గొంతు వచ్చింది. "ఆ తర్వాత నేను మళ్ళీ కంటినిండా నిద్రపోలేదే."

కోడలికి ఏడుపు ఆగలేదు. అత్తగారు మాత్రం ఏడవలేదు. బట్టలన్నీ ఆరేసి, ఖాళీ బకెట్టు బోర్లించి, లోపలికి నడిచింది. హాల్లో తండ్రీ కొడుకులు టీ తాగుతున్నారు. ఆవిడ నిలబడే చెప్పింది, పిల్లలు పోయింది పస్తులవల్ల కాదని, తన ఒంట్లోని లోపంవల్లనని, కూతురికీ పరీక్ష చేయించాలని. మామగారు "నేనెప్పుడో అన్నాను, అంతా నీ..." అని మొదలుపెట్టారు.

"అన్నావు. నేను చంపానని అన్నావు" అంది ఆవిడ. "ఒకసారి కాదు. ఇంక అనకు." కొడుకు వైపు తిరిగింది. "కోడలు సెలవు పెట్టదు. పిల్లకి కావాల్సింది అది వండి పెట్టడం కాదు. ల్యాబులో ఉండాలి అది. వంట సంగతి నువ్వు చూడు."

ఆ మధ్యాహ్నమే అత్తగారు పరీక్షకి చెయ్యి చాపింది. ఆడపడుచు భయపడి తల్లి కొంగు పట్టుకుంది కానీ, ఆమె కూడా చాపింది. ఇద్దరిలోనూ చెడిన ప్రతి ఉంది. కోడలు ల్యాబు బాధ్యత తీసుకుంటున్నానని ఆసుపత్రిలో చెప్పేసింది. ఇంట్లో ఎవరినీ అడగలేదు.

మగబిడ్డే పుట్టాడు. బొడ్డు కోసిన కాసేపటికే వాడి రక్తం మంచుముక్కల డబ్బాలో ల్యాబుకి వచ్చింది. అది ఆలస్యమైతే అమ్మోనియా అంకె నమ్మడానికి లేదు, అందుకే ఆమె తలుపు దగ్గరే నిలబడి అందుకుంది. మొదటి అంకె పరవాలేదు. రెండోసారి పెరిగింది. ఎక్కడికి ఎక్కుతుందో ఆమెకు తెలుసు, వెంటనే వార్డుకి కబురు చేసింది. అప్పటికే పాలు ఆపారు, గ్లూకోజు పెట్టారు, మందు సిద్ధంగా ఉంది. ఐదో రోజు పొద్దున అంకె దిగింది. ముందు ఇంకా చాలా ఉంది, కాలేయం మార్చాల్సి రావచ్చు, జీవితమంతా తిండి కొలిచి పెట్టాలి. కానీ ఐదో రోజు పొద్దున వాడు కళ్ళు తెరిచి కాళ్ళు ఆడించాడు. తల్లి కూడా మెలకువగానే ఉంది. ఆమె రక్తం కూడా రోజూ చూస్తూనే ఉన్నారు మరి.

ఇంటికి ఫోను చేసింది. భర్త ఎత్తాడు. వెనక కుక్కరు కూత వినిపిస్తోంది. సంగతి విని అతను గట్టిగా ఊపిరి వదిలాడు.

"అమ్మకి చెప్పాలి. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చునే నిద్రపోయింది, ఇంత పొద్దెక్కినా లేవలేదు. లేపనా?"

"వద్దు" అంది ఆమె. "పడుకోనీ."