కోటు గుండీ అంత

"మత్తు లేకుండానే చేయించుకో. మత్తిస్తే రోజంతా పడుకుంటావు. మూడింటికి కొట్టు తీయాలి" అన్నాడు మా ఆయన, అట్టలకు కుట్టమని చొక్కా గుండీల డబ్బా నా ముందుకు తోస్తూ. పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష నాది. బేరం ఆయనది.

మలంలో రక్తం పడటం మొదలై ఏడాది. నిరుడు చెబితే, "బడులు తెరిచే రోజులు. యూనిఫాం గుండీల గిరాకీ తగ్గాక చూద్దాం" అన్నాడు. ఆ గిరాకీ వెనక ఇంకో గిరాకీ వచ్చింది. ఇరవై రెండేళ్లుగా కొట్టు వెనక గదిలో జిప్పులకు చోటుంది, మరుగుదొడ్డికి లేదు. ఆయన పక్క హోటలుకు వెళ్లొస్తాడు. నేను ఇల్లు చేరేదాకా బిగబట్టుకుంటాను.

నిన్న పేగు కడిగే మందు తాగి, ఇంట్లో ఉన్న ఒక్క మరుగుదొడ్డిలోకి పద్నాలుగు సార్లు పరుగెత్తాను. అత్తయ్య తలుపు తట్టింది. "లోపలే కాపురం పెట్టావా అమ్మాయ్? బయట మేమూ మనుషులమే." మధ్యలో వచ్చి ఆమెకు వండిపెట్టాను. నాకు నీళ్లే.

ఇవాళ ఆసుపత్రి బల్ల మీద ఎడమవైపు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని పడుకున్నాను. గొట్టం మలుపు తిరిగినప్పుడల్లా ఎవరో కడుపును లోపలినుంచి మెలిపెట్టినట్టయింది. "ఇంకొంచెం, అక్కా" అంటూనే ఉంది నర్సు. ఏడిస్తే ఎదురుగా ఉన్న కెమెరా తెర కనపడదని ఏడవలేదు.

తెర మీద, ఎర్రటి గోడకు అతుక్కుని ఒక గడ్డ.

"చిన్నదేనండి" అంది డాక్టరమ్మ.

"కోటు గుండీ అంత ఉంది" అన్నాను. కంటితో కొలవడం నా పని.

ఆమె కొలిచి చూసింది, అంతే ఉంది. ముక్క తీసి సీసాలో వేసింది. "కేన్సరో కాదో తేలాలి. ఏదైనా కోసి తీయాల్సిందే. మీవారిని పిలవండి, ఆయనతో మాట్లాడాలి."

మత్తిచ్చి ఉంటే ఈ మాట ముందు ఆయన చెవిన పడేది. గిరాకీ చూసుకుని నాకు చెప్పేవాడు.

"నాకే చెప్పండి, మెలకువగానే ఉన్నాను. ఆపరేషను వీలైనంత త్వరగా అంటే ఎప్పుడు కుదురుతుంది?"

"వచ్చే సోమవారం."

"రాసుకోండి."

బయట మా ఆయన గడియారం చూసుకుంటున్నాడు. "అయిందా? రెండున్నరే. పద, పద."

కొట్టు తాళాలు ఆయన చేతిలో పెట్టి, సోమవారం ఆపరేషనని చెప్పాను.

"సోమవారమా? బడులు తెరిచేది ఆ రోజే."

"తెలుసు" అన్నాను.