జోడు లేని నెమలి

జొన్నరొట్టెను పెనం మీద తిప్పుతూ యాదలక్ష్మి మొగలాయి పాదుషాల వరస చెప్పుకుంటోంది. బాబరు అయ్యాడు, హుమాయూను దగ్గరికి వచ్చేసరికి వాకిట్లోంచి భర్త భిక్షపతి గొంతు.

"ఏమే, గా హుమాయూనుకు ఉప్పేసినవా, లేదా?"

అతని హాస్యం అట్లాంటిదే. నవ్వాలి. ఆమె నవ్వింది.

పెళ్లయిన నాలుగో ఏట నల్గొండ కాలేజీలో పి.యు.సి.లో చేరింది. "మొగడు చేరనిచ్చిండు" అంటారు వాడకట్టులో. పొద్దున నీళ్లు, రొట్టెలు, మామ మగ్గానికి అత్తతో కలిసి కండెలకు నూలు చుట్టడం, ఆ తర్వాత కాలేజీ. తిరిగొస్తే మళ్లీ పొయ్యి. మధ్యలో, పొద్దు గూకే ముందు కాస్త వెలుతురు మిగిలేది. అప్పుడు కుట్టుపనికి వాడే ముతక అల్లిక దసూతి గుడ్డ ఒళ్లో పెట్టుకునేది. పోగులు లెక్కపెట్టి ఏటవాలుగా ఒక కుట్టు, దాని మీద ఎదురుగా ఇంకో కుట్టు. రోజుకు నాలుగు వరసలు. తరగతిలో గాలికి పోయినట్టున్న పాఠమంతా ఆ వరసల్లోకి వచ్చి కూర్చునేది. చదువుకూ కుట్టుకూ పడదని ఆమెకు ఎన్నడూ అనిపించలేదు. కుట్టేది ఒక మోదుగుకొమ్మ. దిండుకు కాదు, గోడకు కాదు. ఆ ఇంట్లో ఎవరికీ పనికిరాని వస్తువు అదొక్కటే. అందుకే అది ఆమెది.

భిక్షపతి రేడియో కొన్నాడు. ఆఫీసులో గుమాస్తాలందరికంటే ముందు కొన్నాడు.

"దీని మీదికి ఒక గుడ్డ కుట్టు. రెండు నెమళ్లు ఎదురెదురుగ ఉండాలె. ఆదివారం మా సూపరింటెండెంటు సారు, అమ్మగారు అన్నానికొస్తాండ్రు."

"మంగళవారం చరిత్ర పరీక్షున్నది."

"మోదుగుపూలకు టైమున్నది, నెమళ్లకు లేదా? టైమే లేనోళ్లకు పరీక్షలెందుకు? ఆదివారం దాంక నెమళ్లు గాకపోతే మంగళవారం గడప దాటుడు లేదు."

కుట్టడం మొదలుపెట్టింది. వేళ్లు అవే, సూది అదే. పాదుషాలు మాత్రం రాలేదు. పోగులు లెక్కపెడుతుంటే లెక్కే మిగిలింది. మూడు రోజులకు ఒక నెమలి అయింది. పుస్తకం తెరవనే లేదు.

శుక్రవారం అత్త అండాలు కండె చుడుతూ అంది: "మీ మామ నేసిన చీరలంటరు అందరు. నలభై ఏండ్లు నూలు చుట్టింది నేను. ఒక్కనాడన్న నా పేరిన్నవా బిడ్డా?" నిండిన కండె తీసి పక్కన పెడుతూ, "ఐనా కుట్టెయ్. సగం బట్టను మగ్గం మీదికెల్లి కొయ్యొద్దు, ఇంటికి మంచిది కాదంటరు," అంది.

"ఎవరంటరు అత్తమ్మా?"

అండాలు ఆలోచించింది. "మగ్గం మీద కూసునేటోళ్లు," అంది. ఇద్దరూ నవ్వారు. అది మాత్రం నవ్వాలి గనుక నవ్విన నవ్వు కాదు.

రెండో నెమలికి ముక్కు, కుచ్చు అయ్యాయి. శనివారం సూదిని గుడ్డకు గుచ్చి పక్కన పెట్టి యాదలక్ష్మి పుస్తకం తెరిచింది.

ఆదివారం అతిథులు గుమ్మంలో చెప్పులు విడుస్తుండగా ఆ గుడ్డను తనే తీసుకెళ్లి రేడియో మీద పరిచింది. భిక్షపతి చూశాడు. ఏమీ అనడానికి వ్యవధి లేదు.

"గీ నెమలికి జోడేదమ్మా?" అంది సూపరింటెండెంటు భార్య లక్ష్మీనర్సమ్మ.

"టైము దొరకలే అమ్మగారూ, రేపటికల్ల..." అన్నాడు భిక్షపతి.

విస్తట్లో పప్పు వడ్డిస్తూ యాదలక్ష్మి అంది: "దొరికిందమ్మా. చదువుకున్న. ఎల్లుండి చరిత్ర పరీక్ష."

సూపరింటెండెంటు తల ఎత్తాడు. "పరీక్ష రాస్తాందా? మంచిదే భిక్షపతీ. ఇంటామెను చదివిస్తున్నవన్న మాట."

"అవును సార్," అన్నాడు భిక్షపతి, గొంతు సవరించుకుని. "నేనే చదివిస్తున్న. పరీక్షకు నేనే దింపొస్త."

వాళ్లు వెళ్లాక విస్తళ్లు తీస్తుంటే వచ్చి నిలబడ్డాడు. "నా ఇజ్జత్ తీసినవ్. సరే, మాటిచ్చిన గనుక పొయ్యి రాయి. వచ్చినంక గా రెండో నెమలిని పూర్తిచెయ్."

ఆమె చేతులు కడుక్కుంది. రేడియో దగ్గరికి వెళ్లి, గుడ్డకు వేలాడుతున్న నీలిదారాన్ని పళ్లతో కొరికి సూదిని తీసుకుంది. గదిమూల నుంచి అండాలు చూస్తోంది. వద్దనలేదు.

"అది ఐపోయింది," అంది యాదలక్ష్మి.

సూదికి ఎర్రదారం ఎక్కించి, మోదుగుకొమ్మను ఒళ్లో పెట్టుకుని వాకిట్లో కూర్చుంది. ఇంకా వెలుతురు ఉంది. రెండో వరసలో హుమాయూను వచ్చాడు. మూడో వరస సగంలోనే అక్బరు.